చచ్చిన మొక్కను పారెయ్యకండి

నిన్న సాయంత్రం దాకా నిక్షేపంగా ఉన్న మొక్క ఇవాళ పొద్దున చూసేసరికి తల వేలాడేసింది. మరో రెండు రోజులకు ఎండి పుల్లయింది. ఇలాంటిది మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. అది గులాబీ కావచ్చు, మల్లె కావచ్చు, కోటలోని తులసి కావచ్చు, పెరట్లో కాపు మీదున్న వంగ కావచ్చు. ఎందుకు చచ్చిపోయిందని పెద్దవాళ్ళను అడిగితే "ఏదో తెగులు తగిలింది" అంటారు. ఏం తెగులంటే "ఎండు తెగులు" అంటారు. ఎండు తెగులంటే ఏమిటని మీరు వదలకుండా అడిగారనుకోండి, "మొక్క ఎండిపోయే తెగులు" అంటారు! చూశారా, గానుగెద్దులాగా బయల్దేరిన చోటికే తిరిగి వచ్చాం. మొక్క ఎందుకు ఎండింది? ఎండే తెగులు వచ్చింది గనక. పేరు దొరికింది గాని కారణం దొరకలేదు.

ఆ తరవాత జరిగేది కూడా మీకు తెలుసు. మొక్కను పీకి గోడ అవతల పారేస్తారు. ఈ పారెయ్యటం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని మీ ముందు పెట్టటానికే ఇది రాస్తున్నాను. మనిషి అనుమానాస్పదంగా చనిపోతే శవపరీక్ష చేస్తారు. మందలో గొర్రె చచ్చిపోతే పశువుల డాక్టరు కోసి చూస్తాడు. మొక్క చచ్చిపోతే మాత్రం సాక్ష్యమంతా చేజేతులా దిబ్బలో కలిపేసి, ఆ పైన దుకాణానికి వెళ్ళి "ఎండిపోతోంది, ఏదైనా మందివ్వు" అంటాం. పెరట్లో ఒక గులాబీతో పోయే సంగతైతే ఊరుకోవచ్చు. కాని నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో పండే పప్పుశనగ, పత్తి, కంది, మిరప, వీటన్నిటికీ ఉన్నట్టుండి ఎండిపోయే గండం ఉంది. అక్కడ కారణం తప్పుగా చెబితే పోయేది ఒక మొక్క కాదు, ఒక ఇంటి ఏడాది తిండి.

అసలు మొక్క వాడటమంటే ఏమిటి? ఆకుల నుంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. అంత నీరూ కింద నుంచి రావాలి. వచ్చేది తక్కువై పోయేది ఎక్కువైతే ఆకులోని కణాలు గాలి తీసిన సైకిలు ట్యూబులా మెత్తబడతాయి. ఆకు వేలాడుతుంది. అంతే. ఆకు మనకు చెప్పగలిగిన మాట ఇదొక్కటే: "నాకు నీళ్ళు అందటం లేదు." ఎందుకు అందటం లేదో దానికి తెలియదు. మన్నులో నీళ్ళు లేకపోవచ్చు. వేరును పురుగు కొరికి ఉండవచ్చు. వేరు కుళ్ళి ఉండవచ్చు. కాండంలో నీటి గొట్టాలు పూడిపోయి ఉండవచ్చు. మన్నులో ఉప్పు ఎక్కువై వేరు నీటిని లాగలేకపోతూ ఉండవచ్చు. ఇన్ని వేరు వేరు జబ్బులు పైకి ఒకే వేషంలో కనబడతాయి. ఊళ్ళో దీపాలు ఆరిపోతే ఇంట్లో బల్బును చూస్తూ కూర్చుంటే లాభం లేదు. స్తంభం దాకా, ట్రాన్సుఫార్మరు దాకా తీగ వెంబడి నడవాలి. మొక్క విషయంలో ఆ నడక ఆకు నుంచి వేరు దాకా.

మనం ఆ నడక నడవం. వాడిన మొక్క కనబడగానే చెంబెడు నీళ్ళు పోస్తాం. సాయంత్రానికి ఇంకా వాడితే మరో రెండు చెంబులు. చిత్రమేమిటంటే, ఇళ్ళల్లో ఉన్నట్టుండి చచ్చిపోయే మొక్కల్లో చాలా భాగం నీళ్ళు లేక కాదు, నీళ్ళు ఎక్కువై చస్తాయి. నీళ్ళలో నిలబడి దాహంతో చావటమా, ఇదేం తమాషా అంటారేమో. వేళ్ళు కూడా మనలాగే ఊపిరి పీలుస్తాయి. మన్ను రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే వాటికి ప్రాణాధారం. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే గాలి పోతుంది. నీటిలో కొంత ఆక్సిజన్ కరిగి ఉంటుంది నిజమే, కాని గాలిలో పాకినంత వేగంగా అది నీటిలో పాకలేదు. దాదాపు 10,000 రెట్లు నెమ్మది. ఊపిరాడని వేరు ఏం చేస్తుందో 2003లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు చూపించారు. వేరు కణాల గోడల్లో నీటిని లోపలికి రానిచ్చే సన్నని ద్వారాలుంటాయి. ఆక్సిజన్ అందక కణంలో పులుపు పెరిగితే ఆ ద్వారాలు మూసుకుపోతాయి. బయట చెరువంత నీరున్నా లోపలికి చుక్క రాదు. (ఈ ద్వారాలను కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఏగ్రేకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా సరిగ్గా ఆ ఏడాదే.)

ఇప్పుడు మన నల్లరేగడి సంగతి చూడండి. దీని బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో ఐదువందల వంతు కన్నా చిన్నవి. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. ఎండాకాలంలో కుందూనది గట్టున చేలల్లో నడిచినవాళ్ళకు ఆ నెర్రెలు తెలుసు. చెయ్యి మోచేతిదాకా దిగుతుంది. (దించకండి, తేళ్ళుంటాయి.) అదే నేల నాలుగు వానలు పడేసరికి ఉబ్బి, సందులన్నీ మూసుకుని, ఎద్దు కాలు పెడితే ఊడి రానంత బంకగా మారుతుంది. తేమను నెలల తరబడి దాచుకోవటం ఈ నేల గొప్పతనం. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తిన పప్పుశనగ ఆ పైన ఒక్క వాన లేకపోయినా జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోతకు వస్తుందంటే ఆ దాపరికం వల్లనే. కాని నీటిని పట్టుకునే గుణమే గాలిని తోసేసే గుణం కూడా. ఒకటి కావాలంటే రెండోది వద్దనటానికి లేదు.

ఈమధ్య పట్నాల నర్సరీల్లో లావెండర్ మొక్కలు అమ్ముతున్నారు. ఊదారంగు పువ్వులు, సబ్బుల్లోనూ అత్తర్లలోనూ వచ్చే ఆ వాసన చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు. మన రేగడి మన్ను నింపిన కుండీలో పెట్టి, తులసికి పోసినట్టు రోజూ పొద్దున నీళ్ళు పోస్తారు. వానకాలం నడిమికి వచ్చేసరికి అది బూడిదరంగుకు తిరిగి పుల్లయి కూర్చుంటుంది. "మన ఎండకు తట్టుకోలేదు" అని తీర్పు చెబుతారు. మన ఎండ తక్కువదని నేననను, మే నెలలో నంద్యాల 43 డిగ్రీలు దాటటం మామూలే. కాని లావెండర్ పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రాళ్ళ గుట్టలు. అక్కడి వేసవి వాన చుక్క ఎరగదు. సున్నపు నేలంటే దానికి మహా ఇష్టం, మన నంద్యాల నేలలో సున్నానికి కరువు లేదు. ఎండను అంతో ఇంతో ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది తడి కాళ్ళతో నిలబడటం. తడి నిలిచిన మన్నులో ఫైటోఫ్తోరా అనే జీవి తోక ఆడించుకుంటూ ఈదే బీజాలను వదులుతుంది. అవి వేళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకుంటాయి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పైరును కుళ్ళబెట్టి లక్షలమందిని ఆకలితో చంపింది ఈ కుటుంబంలోదే. మన తమలపాకు తోటల్లో తీగ మొదలు కుళ్ళబెట్టేదీ ఈ కుటుంబంలోదే. కాబట్టి లావెండర్ చచ్చిపోతే ఎండను తిట్టేముందు కుండీ బోర్లించి వేరు చూడాలి. తెల్లగా గట్టిగా ఉందా? గోధుమరంగుకు తిరిగి, గిల్లితే తొక్క తొడుగులా ఊడి వస్తోందా? రెండోదైతే ఎండకు శిక్ష వెయ్యటం అన్యాయం.

లావెండరుకూ మన తులసికీ చుట్టరికం ఉంది, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. నలుపలకల కాండం పట్టుకుని చూస్తే తెలుస్తుంది. తులసి ఎండిపోతే మన ఇళ్ళల్లో అది మొక్క చావుగా కాక అరిష్టంగా లెక్క. ఎవరో మైల పడ్డ చేత్తో ముట్టుకున్నారని, కొత్త కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని అనటం కూడా విన్నాను. ఒక మనిషి మనసు నొప్పించేముందు కోటను ఒకసారి పరీక్షించి చూడవద్దూ? రాతి కోటైనా సరే, సిమెంటు కోటైనా సరే, అడుగున నీరు పోయే రంధ్రం ఉందా? చాలా కోటలకు ఉండదు. ఉన్నా అది మన్నుతో పూడిపోయి ఉంటుంది. రోజూ ఇంట్లో నలుగురూ తలా ఒక చెంబు పోస్తారు, ఆ నీరు ఎక్కడికి పోవాలి? దీపం కాండానికి ఎంత దూరంలో పెడుతున్నారు? వేడికి బెరడు ఒకవైపు కమిలి ఉందేమో చూడండి. బియ్యం కడిగిన నీళ్ళతోబాటు ఉప్పు వేసి ఉడికించిన నీళ్ళు కూడా ఎవరైనా పోశారా? మరొకటి, తులసి ఎల్లకాలం బతికే చెట్టు కాదు. ఎన్నులు కోయకుండా వదిలేస్తే విత్తనం పండించి, తన పని అయిపోయిందన్నట్టు ముసలిదై ఎండిపోతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ కోడలితో సంబంధం లేదు.

ఇక పొలానికి వెళదాం. పత్తి చేను ఊహించుకోండి. రెండు మూడు వారాలు చినుకు లేదు, ఎండ మండిపోయింది. ఒక రాత్రి కుంభవృష్టి కురిసింది. తెల్లారి ఆకాశం తేటపడి చుర్రున ఎండ కాసింది. మధ్యాహ్నానికి చేలో అక్కడక్కడ నిండా కాయలున్న మంచి మంచి మొక్కలే తలలు వేలాడేశాయి. పక్క మొక్క పచ్చగానే ఉంది. రైతుకు గుండె ఆగినంత పనవుతుంది. తెగులు అంటుకుంది, రేపటికి చేనంతా పాకుతుందని పరుగెత్తుకెళ్ళి బూజు మందు తెచ్చి మొదళ్ళలో పోస్తాడు. దీన్ని పారావిల్ట్ అంటారు. 2002లో మన దేశంలో బీటీ పత్తి వచ్చాక, కాయ ఎక్కువగా పట్టే సంకర రకాల్లో ఇది తరచుగా కనబడుతోంది. ఆ మొక్కను తవ్వి చూస్తే వేరు శుభ్రంగా ఉంటుంది. కాండం చీలిస్తే లోపల తెల్లగా ఉంటుంది. బూజు లేదు, పురుగు లేదు, నేరస్థుడే లేడు! జరిగిందల్లా, ఒక్కసారిగా నీరు నిండి వేళ్ళకు ఊపిరాడలేదు, పైన ఎండ మాత్రం ఆకుల్లో నీటిని జుర్రేస్తోంది. ఊపిరాడని వేళ్ళు ఒక పదార్థాన్ని తయారుచేసి పైకి పంపుతాయి. ఆకుల్లో అది ఎథిలీన్ అనే వాయువుగా మారుతుంది. మామిడికాయను మగ్గబెట్టే వాయువు ఇదే. ఆకులు వాలిపోవటంలో, రాలిపోవటంలో దీని చెయ్యి ఉంది. అందుకే మొదటి గంటల్లోనే, లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడు కలిపి చల్లమని శాస్త్రజ్ఞులు రైతులకు చెబుతారు. కోబాల్టు ఆ పదార్థం ఎథిలీన్‌గా మారే మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. ఇది విషపదార్థం, పెద్దల పని, మీరు ముట్టుకోకూడదు. దీనికన్నా ముఖ్యమైన వైద్యం చేలో నిలిచిన నీటికి కాలువ తీసి దారి చూపటం.

ఇక్కడ ఒక చిక్కుంది. పారావిల్ట్ తగిలిన మొక్కల్లో కొన్ని వాటంతట అవే కోలుకుంటాయి. బూజు మందు పోసిన రైతు నాలుగో రోజున చేను చూసుకుని "మందు బాగా పనిచేసింది" అంటాడు. పక్క ఊరికి ఆ మాట పాకుతుంది. మరుసటి ఏడు అందరూ అదే మందు కొంటారు. మందు అబద్ధమాడలేదు, దుకాణదారు అబద్ధమాడలేదు, రైతు అంతకన్నా ఆడలేదు. కాని నిజం మాత్రం ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే ఏం చెయ్యాలి? ఒక్క సాలు మందు పొయ్యకుండా వదలాలి. వదిలిన సాల్లో కూడా అంతే మొక్కలు కోలుకుంటే మందు డబ్బులు దండగ. శాస్త్రమంటే పరీక్షనాళికలూ తెల్లకోట్లూ అనుకుంటాం గాని, ఆ వదిలిన ఒక్క సాలులో ఉన్నంత శాస్త్రం చాలా ప్రయోగశాలల్లో ఉండదని నా అభిప్రాయం.

పప్పుశనగకు వస్తే కథ ఇంకా ముదురుతుంది. ఇది ఉన్నట్టుండి చచ్చే దారులు ముఖ్యంగా మూడు. మూడూ బూజు జాతి జీవులవల్లనే, మూడింటినీ ఊళ్ళల్లో కలిపి ఎండు తెగులనే అంటారు. మొదటిది లేత వయసులో, విత్తిన ఆరువారాల లోపు, నేల బాగా తడిగా ఉన్నప్పుడు వస్తుంది. మొక్క పసుపెక్కి వాలిపోతుంది. మొదలు దగ్గర మన్ను పక్కకు తీసి చూస్తే తెల్లటి నూలుపోగుల్లాంటి బూజు, అందులో ఆవగింజలంత ఉండలు కనిపిస్తాయి. ఇది మొదలుకుళ్ళు. రెండోది అసలైన ఎండు తెగులు. దీనికి కారణం ఫ్యుజేరియం అనే బూజు. మొక్క పీకితే వేరు పైకి బాగానే ఉంటుంది, కుళ్ళు కనబడదు. కాని వేరునూ కాండాన్నీ నిలువునా చీల్చండి. నడిమిన పెన్సిలు గీత గీసినట్టు ముదురు గోధుమరంగు చార ఉంటుంది. నీరు పైకెక్కే గొట్టాలు అవి, బూజు వాటిలో చేరి పూడ్చేసింది. మూడోది ఎండు వేరుకుళ్ళు. ఇది సామాన్యంగా పూతా కాయా దశలో, నేల తడి ఆరి, ఎండ 30 డిగ్రీలు దాటినప్పుడు వస్తుంది. మొక్క గడ్డిరంగుకు తిరుగుతుంది. పట్టుకు లాగితే తల్లివేరు పుటుక్కున విరిగి సగం నేలలోనే ఉండిపోతుంది. పిల్లవేళ్ళు ఉండవు. వేరు పుల్లలా పెళుసుగా ఉంటుంది.

మూడింటికీ తేడా తెలుసుకోవటానికి ఏం కావాలి? ఒక పార, ఒక చాకు, రెండు కళ్ళు. భూతద్దం ఉంటే మరీ మంచిది. చీల్చే పని మాత్రం పెద్దవాళ్ళ చేత చేయించండి.

తేడా తెలిస్తే ఏమిటి లాభం, ఎలాగూ మొక్క పోయింది గదా అంటారా? చాలా లాభం ఉంది. ఫ్యుజేరియం బూజు శనగ పైరు లేకపోయినా మన్నులో ఆరేళ్ళదాకా బతికే ఉంటుంది. కాబట్టి ఆ చేలో మరుసటి ఏడు తట్టుకునే రకం వెయ్యాలి. పటాన్‌చెరులో 1972లో వెలిసిన ఇక్రిశాట్ సంస్థలో ఇందుకోసం జబ్బు చేలను కావాలనే పెంచుతారు. బూజు నిండిన మళ్ళలో వందల రకాలు విత్తి, ఏది బతుకుతుందో చూస్తారు. అలాంటి పరీక్షలకు నిలిచినదే 1999లో విడుదలైన జేజీ 11 రకం. ఇది మన ప్రాంతపు నల్లరేగళ్ళలో ఎంతగా పాకిందో మీ నాన్నగారినో తాతగారినో అడగండి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంవారు కూడా పప్పుశనగలో ఎన్‌బీఈజీ 3, యంత్రంతో కోయటానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 వంటి రకాలు తీశారు. ఆ ఎన్ అక్షరం నంద్యాలే. ఇప్పుడు చూడండి. ఒక రైతు ఎండు తెగులు తట్టుకునే విత్తనమని కొని వేశాడు. జనవరిలో ఎండలు ముదిరి చేను ఎండింది. "తట్టుకునే విత్తనమని చెప్పి మోసం చేశారు" అని అతను మండిపడతాడు. విత్తనం మోసం చెయ్యలేదు. అది తట్టుకునేది రెండో చావును. ఇతని చేలో వచ్చింది మూడోది. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఈ మూడోది పెరుగుతోందని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు గూడా. మందు మారాలి, జాగ్రత్త మారాలి, విత్తే వేళ మారాలి. మూడు చావులకూ ఒకే పేరు పెట్టుకుని కూర్చుంటే ఏదీ మారదు.

చచ్చిన మొక్క మీద ఏది కనబడితే అదే చంపిందనుకోవటం కూడా తొందరపాటే. శవం మీద ఈగలు వాలతాయి, ఈగలు హత్య చేశాయంటామా? వంద ఏళ్ళకు పైబడ్డ ఒక కంది కథ చెబుతాను. ఎడ్విన్ జాన్ బట్లర్ అని ఐర్లండు దేశస్థుడు, బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయంలో బూజుల శాస్త్రజ్ఞుడుగా ఉండేవాడు. ఎండిపోయిన కంది మొక్కలను పరీక్షిస్తే ఆయనకు రెండు రకాల బూజులు కనబడ్డాయి. అప్పటికి అమెరికాలో ఎర్విన్ స్మిత్ అనే పేరుమోసిన శాస్త్రజ్ఞుడు, పత్తీ పుచ్చా ఎండిపోవటం మీద పరిశోధించి, ఈ రెండూ ఒకే బూజుకు రెండు రూపాలని చెప్పి ఉన్నాడు. అంత పెద్దాయన చెప్పాడు గదా అని బట్లర్ ఊరుకోలేదు. రెండింటినీ విడివిడిగా పెంచి, ఆరోగ్యంగా ఉన్న కంది మొక్కలకు విడివిడిగా అంటించి చూశాడు. ఒకటి అంటించిన మొక్కలు ఎండాయి. రెండోది అంటించినవి హాయిగా ఉన్నాయి. ఆ రెండోది చచ్చినదాన్ని తిని బతికే బూజు మాత్రమే. అసలు హంతకికి ఫ్యుజేరియం ఉడుమ్ అని పేరుపెట్టి 1910లో ప్రకటించాడు. జబ్బుపడ్డవాడిలో ఉన్న క్రిమిని విడదీసి పెంచి, ఆరోగ్యవంతుడికి అంటించి, అదే జబ్బు వచ్చిందా లేదా చూడాలని జర్మనీలో రాబర్ట్ కోఖ్ పెట్టిన నియమం ఇదే. కంది చేనుకూ అదే ధర్మం.

ఇక "ఉన్నట్టుండి" అనే మాట. నాకు ఈ మాట మీద కూడా నమ్మకం తక్కువ. ఫ్యుజేరియం బూజు వేరులో దూరింది నిన్న రాత్రి కాదు, కొన్ని వారాల కిందట. కుండీ అడుగు రంధ్రం పూడిపోయింది పోయిన ఏడు. టమాటా వేళ్ళమీద నులిపురుగుల బుడిపెలు లేచి నెలయింది. పోయిన శనివారం మొక్క మధ్యాహ్నం వాడి సాయంత్రం తేరుకుంది, ఆదివారం అలాగే చేసింది, సోమవారం తేరుకోలేదు. మనం చూసింది సోమవారమే గనక ఉన్నట్టుండి అన్నాం. (బుడిపెల మాట వచ్చింది గనక చెబుతున్నాను. శనగ, వేరుశనగ, పెసర వేళ్ళమీద కూడా బుడిపెలుంటాయి, వాటిని చూసి కంగారుపడకండి. గోటితో తోస్తే విడిగా రాలి, చిదిమితే లోపల గులాబీరంగు కనిపిస్తే అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెట్టే స్నేహితులు. వేరే ఉబ్బి ముడిపడి, తోసినా ఊడి రాకపోతే అవి నులిపురుగులు.)

అందుకని నేను కోరేదేమిటంటే, బడితోట ఉన్న ప్రతి బడిలోనూ చచ్చిన మొక్కలకు ఒక నోటుబుక్కు ఉండాలి. మన పాఠ్యపుస్తకాల్లో మొక్కలన్నీ పచ్చగా, నిటారుగా, వేళ్ళతో సహా ముచ్చటగా ఉంటాయి. అలాంటి మొక్కను చూసి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు, తండ్రి చేలో వాడిన మొక్క ముందు నిలబడి ఒక్క ముక్క చెప్పలేడు. నోటుబుక్కులో ఏం రాయాలి? ఏ తేదీన వాడింది, అంతకుముందు పదిరోజుల్లో వాన, ఎండ, నీళ్ళు పెట్టినది, ఎరువు వేసినది, ఏ వైపు నుంచి వాడటం మొదలైంది. తవ్వి చూస్తే వేరు రంగు, గట్టితనం, వాసన. చీలిస్తే లోపలి రంగు. వంగ, టమాటా, మిరప అయితే కాండం ముక్క కోసి గాజుగ్లాసులో తేట నీళ్ళలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోత నుంచి పాలధారలాగా తెల్లని పోగు దిగిందా, అది బాక్టీరియాల గుంపు, బూజు మందు దాని మీద పనిచెయ్యదు. చివరగా పటం గీయాలి. ఎన్నో మొక్క, ఎక్కడ చచ్చింది? 1854లో లండనులో కలరా చావులను పటం మీద చుక్కలు పెట్టి చూసిన జాన్ స్నో అనే డాక్టరుకు చుక్కలన్నీ ఒక పంపు చుట్టూ కనిపించాయి. మీ పటంలో చుక్కలు కాలువ పక్క పల్లంలోనే ఉన్నాయా? దారి పక్క సాలులోనే ఉన్నాయా? ఒకచోట మొదలై వలయంలా పాకాయా? ఒక్కొక్కటి ఒక్కొక్క కారణం వైపు వేలు చూపిస్తుంది.

దీనికి కొందరు పెద్దలు ఒప్పుకోరు. పైరు ఎండుతుంటే తవ్వుతూ రాస్తూ కూర్చుంటే చేను దక్కుతుందా, ముందు మందు కొట్టాలి గదా అంటారు. ఆదుర్దాలో న్యాయముంది, నేను కాదనను. కాని మొక్క తవ్వి చీల్చటానికి పది నిమిషాలు పడుతుంది. దుకాణానికి పోయి రావటానికి పూట పడుతుంది. ఇంతకీ వేరు కుళ్ళిపోయిన శనగ మొక్కను ఏ మందూ లేపలేదు. మందు కొట్టేది దాని పక్కనున్నదాని కోసం, వచ్చే ఏడు పైరు కోసం. వచ్చే ఏడు కోసమైతే ఇవాళ పది నిమిషాలు ఆగవచ్చు. పిల్లలకు ఇవన్నీ ఎందుకనే పెద్దలు మరికొందరు. ఎకరాల కొద్దీ చేలో ఒక్కొక్క మొక్కనూ వంగి చూసే తీరిక, ఓపిక, కళ్ళు ఎవరికున్నాయి, పిల్లలకు గాక?

నోటుబుక్కులో "కారణం తెలియలేదు" అని రాయటం తప్పు కాదు. తెలియనిదాన్ని తెగులని రాయటమే తప్పు. అలా తెలియని మొక్కలను నంద్యాల పరిశోధన స్థానానికో, బనగానపల్లె దగ్గర యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రానికో పెద్దలతో పంపవచ్చు. పూర్తిగా ఎండిన మొక్క ఒక్కటే పంపితే వాళ్ళకు ఈగలు వాలిన శవం ఇచ్చినట్టే. సగం వాడినది ఒకటి, పక్కనున్న బాగున్నది ఒకటి కూడా ఉండాలి. పీకవద్దు, వేరు తెగకుండా మన్నుతో సహా పారతో ఎత్తాలి. పాత పేపరులో చుట్టి, మీ నోటుబుక్కులోని ఆ పేజీ నకలు రాసి జతచెయ్యండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టవద్దు. ఒక్క రాత్రిలో చెమర్చి, కుళ్ళి, ఎక్కడెక్కడి బూజులో వచ్చి చేరతాయి. తెల్లారి సూక్ష్మదర్శినిలో కనబడేది మీ చేను కథ కాదు, ఆ సంచి కథ.